చేపకి బొడ్డేంటమ్మా? కాకినాడ రేవులో సొర పిల్లల డైరీ

నవంబరు 9

తెల్లవారుజామున నాలుగున్నరకి కాకినాడలో కుంభాభిషేకం అనే చేపల రేవుకి చేరేసరికి వేలం సగం అయిపోయింది. రేపటి నుంచి మూడింటికే లేవాలి.

పని చెప్పుకోవడానికి చిన్నదే. గోదావరి కలిసే ఈ తీరంలో సొరలు ఏ నెలలో ఎక్కడుంటున్నాయి, ఎంత సైజువి, ఆడవెన్ని, మగవెన్ని, పిల్లలు ఎక్కడ పెరుగుతున్నాయి అన్నది ఏడాది పాటు రాసుకుంటూ పోవాలి. ప్రతి చేప రెక్క నుంచి గోరంత ముక్క కత్తిరించి ఆల్కహాల్‌లో దాచాలి, తర్వాత డీఎన్‌ఏ చూడడానికి. సొరకి ట్యాగు కట్టి వదిలేసి, నీళ్ళ అడుగున రిసీవర్లు పెట్టి అది ఎటు తిరుగుతోందో వినే పద్ధతి ఒకటుంది. దానికి మా దగ్గర డబ్బు లేదు. ఉన్నా, ఇన్ని వలల మధ్య ఆ రిసీవర్ వారం నిలవదని మా పరిశోధన గైడ్ గారి నమ్మకం. కాబట్టి రేవే మా ల్యాబు.

మొదటి గంప దగ్గర కూర్చుని, అమ్మే ఆవిడని "ఇవేం సొరలు అత్తా?" అని అడిగాను. "పాల సొర" అంది. రెండో గంప దగ్గరా అదే మాట. మూడో గంపలో చేపల ముక్కు వేరు, రంగు వేరు. "అదీ పాల సొరేనమ్మా. బాలింతకి పిట్టు చేసి పెడితే పాలు పడతాయి. నీకింకా పెళ్ళి కాలేదా?"

ఆ ప్రశ్నకి సమాధానం డైరీలో రాయను.

నవంబరు 24

రెండు వారాలు తల పట్టుకున్నాక తేలిందేమిటంటే, పాల సొర అనేది జాతి పేరు కాదు. వండుకునే ఇంటిని బట్టి వచ్చిన పేరు. ఇంగ్లీషులోనూ ఒక సొరని మిల్క్ షార్క్ అంటారు, ఆ పేరు వెనకున్నది కూడా మన దేశంలోని ఈ బాలింతల నమ్మకమే. శాస్త్రీయ నామం రైజోప్రయోనోడాన్ అక్యూటస్. కానీ మా రేవులో అత్త గంపలో దాని పక్కనే స్కోలియోడాన్ కూడా ఉంటుంది, అదీ అదే పేరుతో, అదే ధరకి.

నోరు తిరగని పేర్లు తెల్లవారుజామున పనికిరావు. అందుకని మేం పెట్టుకున్న ముద్దుపేర్లు: స్కోలియోడాన్‌కి "పార", ఎందుకంటే ముక్కు పారలా చదునుగా, వెడల్పుగా ఉంటుంది. మిల్క్ షార్క్‌కి "గాడి", ఎందుకంటే నోటి మూలల్లో బుగ్గ మీదకి పొడవాటి గాడి ఉంటుంది. సెల్‌ఫోన్ లైటు వెలుతురులో కళ్ళకి కనిపించకపోయినా, బొటనవేలి గోరు పెట్టి నోటి మూల నుంచి పైకి లాగితే గోరు అందులో దిగుతుంది. పారకి ఆ గాడి ఉందా లేదా అన్నట్టు ఉంటుంది, గోరు జారిపోతుంది.

ఇంత గొడవ ఎందుకంటే, ఇవాళ పక్కపక్కనే రెండు చేపలు కొలిచాను. రెండూ 37 సెంటీమీటర్లు. ఒకటి పార, రెండోది గాడి. పార పొట్ట కోస్తే లోపల పిల్లలున్నాయి. అంటే అది తల్లి. గాడి మాత్రం పుట్టి ఎంతో కాలం కాని పిల్ల. పార సొర 35 సెంటీమీటర్లు వచ్చేసరికి పెళ్ళీడుకి వచ్చేస్తుంది, దాని పిల్లలు పుట్టేటప్పటికి జానెడు కూడా ఉండవు, 12 నుంచి 15 సెంటీమీటర్లు. గాడి పిల్లలు పుట్టడమే 25 నుంచి 39 సెంటీమీటర్ల మధ్య పుడతాయి. ఒకే గంప, ఒకే పొడుగు, ఒకే పేరు, ఒకటి అమ్మ, ఒకటి పసిబిడ్డ. రెండింటినీ కలిపి "పాల సొర, 37" అని రాస్తే ఏడాది చివర గీసే గ్రాఫు చెత్తబుట్టకే.

మూడో అనుమానం కూడా బుర్రలో తిరుగుతోంది. పాండిచ్చేరి సొర అని ఒకటుంది, ప్రపంచం మొత్తం మీద మ్యూజియంలలో ఉన్నవే ఓ 20 నమూనాలు. మన వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో ఉంది. అది కాకినాడ దగ్గర కనిపించిందని 2016లో పత్రికల్లో వచ్చింది. అప్పటి నుంచి ఇక్కడ పనిచేసే ప్రతివాళ్ళకీ రెక్క చివర నల్లగా కనిపిస్తే చాలు గుండె దడ. నాకు ఈ రెండు వారాల్లో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ వేరే జాతే.

డిసెంబరు 14

ఇవాళ ఏడవాలనిపించింది.

ఆల్కహాల్ సీసాల్లో రెక్క ముక్కలతో పాటు చీటీ వేస్తాం, తేదీ, నంబరు రాసి. నేను జెల్ పెన్నుతో రాశాను. పెట్టె తెరిస్తే చీటీలన్నీ తెల్లగా, ఆల్కహాల్ లేత నీలంగా. 27 సీసాలు. ముక్కలు బాగానే ఉన్నాయి, అవి ఏ చేపవో భగవంతుడికే తెలియాలి. మూతల మీద రాసిన నంబర్లు ఐసు తడికి ముందే పోయాయి.

గైడ్ గారు తిట్టలేదు. "పెన్సిల్" అని ఒక్క మాట అన్నారు. పెన్సిల్ గీత ఆల్కహాల్‌లో కరగదు. హెచ్‌బీ పెన్సిల్, ట్రేసింగ్ పేపరు, మూత మీద ఒకటి, లోపల ఒకటి. ఈ పని మొదలుపెట్టే వాళ్ళెవరైనా చదువుతుంటే, ఫార్మలిన్ దగ్గరకి మాత్రం వెళ్ళకండి. ముక్క నిక్షేపంగా కనిపిస్తుంది కానీ లోపలి డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోతుంది.

జనవరి 20

సంక్రాంతికి వారం రోజులు రేవు ఖాళీ. ఇంటికెళ్ళి అరిసెలు తిని వచ్చాను.

పాత షీట్లు చూస్తుంటే ఇంకో తప్పు దొరికింది. పొడుగు కొలిచేటప్పుడు తోక పై రెక్కని నేనేమో వెనక్కి సాగదీసి కొలిచాను, నాతో వచ్చే జూనియర్ ఉన్నది ఉన్నట్టు కొలిచాడు. సొర తోకలో పై రెమ్మ పొడుగు కాబట్టి, చిన్న పిల్లల్లో కూడా సెంటీమీటరున్నర తేడా వస్తోంది. అదృష్టం కొద్దీ తోక మొదలు దాకా ఉండే పొడుగు కూడా విడిగా రాశాం, దాంతో సరిచేసుకోవచ్చు.

మార్చి 8

కొమ్ము సొర (హామర్‌హెడ్) పిల్లలు. ఒక ఫైబర్ బోటులో తొమ్మిది, అన్నీ అర మీటరు లోపే. గిల్ వలలో తల అడ్డంగా చిక్కుకుంటుంది, ఆ కొమ్ము ఆకారంతో వల నుంచి వెనక్కి రాలేవు. కన్ను కొమ్ము చివర ఉంటుంది, చచ్చాక కూడా మనల్నే చూస్తున్నట్టుంటుంది.

ఈ జాతి ప్రపంచవ్యాప్తంగా అంతరించే అంచున ఉన్నట్టు లెక్క. అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉన్న సైటిస్ జాబితాలో 2013 సమావేశంలోనే చేర్చారు. 2022 నవంబరులో పనామా సమావేశంలో గాడి, పార ఉండే కుటుంబాన్ని మొత్తంగా అదే జాబితాలోకి తెచ్చారు, ఏడాది గడువు తర్వాత 2023 నవంబరు నుంచి అమలు. అది దేశాలు దాటే సరుకు గురించి. ఇక్కడ గంపలో ఉన్నది ఊళ్ళోనే పిట్టు అయిపోతుంది. బోటు బాబాయికి ఇదంతా చెప్తే ఓపిగ్గా విని, "ఆయ్, వలకి చెప్పండమ్మాయ్ గారూ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తలలు కొలిచి వచ్చేశాను.

ఏప్రిల్ 14

ఈ అర్ధరాత్రితో వేట బంద్. తూర్పు తీరం అంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. బోట్లన్నీ వరసగా కట్టేసి, వలలు ఒడ్డుకి లాగి ఆరబోస్తున్నారు.

నాకు మాత్రం టెన్షన్. మా లెక్కంతా బోట్లు తెచ్చిన చేపల మీద. బోట్లు లేకపోతే రెండు నెలల పాటు సముద్రంలో ఏం జరుగుతోందో మాకు తెలియదు. గ్రాఫులో అక్కడ గుంత పడితే, చూసేవాళ్ళు "ఆ నెలల్లో సొరలు లేవు" అనుకుంటారు. లేనిది సొరలు కాదు, చూసేవాళ్ళు. అసలు బోట్లున్న నెలల్లో కూడా మాకొచ్చేది సముద్రం కాదు, వల కన్ను సైజుకి చిక్కింది మాత్రమే. చిన్న కన్ను గిల్ వలలకి పిల్లలు, పెద్ద వాటికి పెద్దవి. ఏ చేప ఏ వలలో పడిందో అడగకుండా పొడుగు ఒక్కటే రాసుకున్న మొదటి నెల షీట్లని ఇప్పుడు చూస్తే సిగ్గేస్తోంది.

మే 11

మర లేని పడవలకి, ఒడ్డు వలకి బంద్ వర్తించదు. అందుకని ఉప్పాడ వైపు అలివి వల లాగే చోట్లు తిరుగుతున్నాం. రెండు తాళ్ళు, రెండు జట్లు, ఒక్కో జట్టులో పదిహేను మంది దాకా. వల మధ్య సంచి ఒడ్డుకి చేరడానికి రెండు గంటలు. ఎండకి ఇసక మీద చెప్పుల్లోంచి కూడా కాలు కాలుతోంది.

నాలుగు రోజుల్లో కవళ్ళు, జెల్లలు, ఒక టేకు చేప. సొర ఒక్కటే, పార. వల లాగే తాతని అడిగితే, "ఈ నెల్లో అయి ఇక్కడెందుకుంటాయి? మడలోకి, మొగ కాడికి పోతాయి. పిల్లలేసే కాలం" అన్నాడు. మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. పోయినవారం మా గైడ్ గారు ఓ వ్యాసంలో చదివి చెప్పిన ఊహ కూడా అదే.

ఊహకి, రుజువుకి మధ్య ఎంత దూరం ఉందో రాసుకోవాలి. సొర పిల్లలు దొరికిన ప్రతిచోటినీ "పిల్లల పెంపక స్థలం" అనేయడం పాత అలవాటు. 2007లో ముగ్గురు శాస్త్రవేత్తలు దానికి మూడు షరతులు పెట్టారు, ఇప్పుడు అందరూ వాటినే అడుగుతారు. మిగతా చోట్ల కన్నా ఇక్కడ పిల్లలు ఎక్కువగా కనిపించాలి. అవి వచ్చి పోకుండా కొంతకాలం ఉండాలి, లేదా మళ్ళీ మళ్ళీ రావాలి. ఏటేటా అదే చోటు వాడుకోవాలి. కాకినాడ అఖాతం చూడ్డానికి అచ్చం అలాంటి చోటే. తూర్పున హోప్ ఐలాండ్ ఇసక దిబ్బ 16 కిలోమీటర్ల పొడుగున అడ్డంగా పడుకుని అలలు ఆపుతుంది, దక్షిణాన కోరింగ మడ అడవి, కోరింగ, గాడేరు పాయలు ఒండ్రు తెచ్చి పోస్తుంటాయి. లోతు తక్కువ, నీళ్ళు బురద, తిండికి రొయ్యపిల్లలు. పిల్లల్ని తినే పెద్ద సొరలు అంత తక్కువ నీళ్ళలోకి రావడం కష్టం. అయినా "చూడ్డానికి అలా ఉంది" అన్నది మూడు షరతుల్లో ఒకటి కూడా కాదు.

జూన్ 17

ఈ డైరీ అంతా ఈ ఒక్క రోజు కోసమే రాశానేమో.

బంద్ ఎత్తేశాక మొదటి బోట్లు వచ్చాయి. రేవంతా జాతర. వేలం పాడేవాళ్ళ గొంతులు, ఐసు పగలగొట్టే చప్పుడు, మోపెడ్ల హారన్లు. అత్త ముందు మూడు గంపల పాల సొర. రెండో గంపలో అన్నీ గాడి పిల్లలు, 30 సెంటీమీటర్లకి అటూ ఇటూ.

ఒకదాన్ని వెల్లకిలా తిప్పాను. పక్క రెక్కల మధ్య, పొట్ట మీద సన్నటి నిలువు చీలిక. లోపల ఎర్రగా, తడిగా ఉంది. చిటికెన వేలి గోరు అంచు పట్టేంత. ఇంకోటి తిప్పాను, అదే. వరసగా పదకొండు తిప్పితే ఎనిమిదింటికి తెరుచుకుని ఉంది, రెండింటికి పల్చటి పొర కట్టింది, ఒకదానికి మాత్రం తెల్లటి గీతలా మిగిలింది.

"ఏటమ్మా అలా తిరగేసి చూస్తన్నావు?"

"బొడ్డు అత్తా."

"చేపకి బొడ్డేంటమ్మా?"

చూపించాను. ఈ సొరలు గుడ్డు పెట్టవని, పిల్లల్ని కంటాయని అత్తకి నాకన్నా ముందే తెలుసు, రోజూ పొట్టలు కోసే మనిషి. కానీ ఈ జాతుల్లో తల్లికీ పిల్లకీ మధ్య మన ఆడవాళ్ళలో లాగే మాయ ఉంటుందని, బొడ్డుతాడుతోనే పిల్ల లోపల తిండి తింటుందని, పుట్టాక ఆ తాడు తెగిన చోటు కొన్ని వారాల్లో పూడి మచ్చ అవుతుందని చెప్తే అత్త ఆ చేపని చేతిలోకి తీసుకుని దీపం వైపు తిప్పి చాలాసేపు చూసింది. "మరైతే ఇది పచ్చి బాలింత బిడ్డే కదా" అంది. తర్వాత పక్కావిడని పిలిచి చూపించింది. ఐదు నిమిషాల్లో నా చుట్టూ ఆరుగురు, వేలం పాటదారు కేకలు.

బొడ్డు మాకు గడియారం. తడిగా తెరిచి ఉందంటే పుట్టి రోజులే. అంటే ఈ పిల్లలు బంద్ రోజుల్లోనే, మేం గ్రాఫులో గుంత వదిలేసిన చోటే పుట్టాయి. అంత పసి ప్రాణాలు ఎక్కడో దూరాన పుట్టి ఈదుకుంటూ వచ్చాయనుకోవడం కష్టం. బోటు బాబాయి వల వేసింది భైరవపాలెం మొగకి బయట, ఆరేడు బారల నీళ్ళలో అన్నాడు. ఒక ఏడాది, కొన్ని గంపలు. మూడో షరతు తీరాలంటే వచ్చే ఏడు, ఆ పై ఏడు కూడా ఇక్కడ ఇలాగే కూర్చోవాలి. అయినా ఇవాళ టిఫిన్‌కి మూడు పెసరట్లు తిన్నాను.

జులై 26

ఎర్రనీరు వచ్చేసింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, పది లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి. ఊళ్ళో అందరి నోటా పులసే. 2022 జులైలో ఇదే బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటింది, దాని ముందు ఇది మామూలు వరదే అని బాబాయి అన్నాడు.

వరదకి సొరలు వెళ్ళిపోతాయని నేను రాసుకున్న ఊహ. కారణం కూడా ఉంది. సముద్రంలో బతికే సొర ఒంట్లో యూరియా నిండా పట్టి ఉంచుకుంటుంది, బయటి ఉప్పుకి సమానంగా నిలబడడానికి. మంచినీళ్ళలోకి వస్తే నీళ్ళు ఒంట్లోకి తోసుకొచ్చేస్తాయి. బుల్ షార్క్ లాంటి ఒకటీ అరా మాత్రం ఆ యూరియా తగ్గించుకుని నదుల్లోకి ఎక్కగలవు. సొర నిలవ ఉంటే వచ్చే ఆ ముక్కు మండే వాసన కూడా ఈ యూరియా అమ్మోనియాగా మారడం వల్లే. అందుకే అత్త మధ్యాహ్నం దాటిన సొరని సగం ధరకి ఇచ్చేస్తుంది.

కానీ గంపల్లో ఇప్పటికీ పార వస్తూనే ఉంది. ఎర్రనీళ్ళలో ఇదెలా?

ఆగస్టు 3

బాబాయి పడవలో మొగ దాకా వెళ్ళాం. అడుగు నీళ్ళు తేవడానికి మేం చేసుకున్న యంత్రం: లీటరు నీళ్ళ సీసా, అడుక్కి కట్టిన రాయి, బిరడాకి వేరే తాడు. దింపి, అడుగు తగిలాక రెండో తాడు లాగితే బిరడా ఊడి అక్కడి నీళ్ళే నిండుతాయి. మొదటి రెండుసార్లు బిరడా ముందే ఊడింది, మూడోసారి సీసానే పోయింది. నాలుగోది పని చేసింది.

పై నీటిచుక్క రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి చూస్తే ఉప్పు వెయ్యికి రెండు పాళ్ళు. దాదాపు తాగచ్చు. అడుగు నీటిచుక్క 24. సముద్రంలో అయితే 35 దాకా ఉంటుంది. నాలుగు బారల లోతులో పైన ఒక నది, కింద ఒక సముద్రం. ఉప్పునీరు బరువు కాబట్టి పోటుకి అడుగునుంచి నాలుకలా లోపలికి చొచ్చుకొస్తుంది, గోదారి దాని మీదుగా జారిపోతుంది.

బాబాయికి గాజులో గీత చూపించాను. ఆయన నీళ్ళకేసి ఉమ్మి, "పైన గోదారి, కింద సముద్రం. ఇది మా తాతల కాడ్నించి తెలిసిందే కదమ్మాయ్. కింద వలలోనే సొర పడద్ది, పై వలలో పులస పడద్ది" అన్నాడు.

మేం ఇన్ని నెలలుగా ఉప్పు కొలుస్తున్నది పైపై నీళ్ళలోనే. ఆ అంకెలన్నీ ఇప్పుడు ఏం చేయాలో ఆలోచించాలి.

అక్టోబరు 12

రెక్క ముక్కల మొదటి విడత డీఎన్‌ఏ పరీక్షకి పంపి నెలన్నర. ఫోన్ చేస్తే "క్యూలో ఉందండి". ఆ ల్యాబు పేరు రాయను, మళ్ళీ వాళ్ళతోనే పని.

వెతికేదేమిటంటే, ఇక్కడి గాడి పిల్లలు, విశాఖ రేవులో దొరికేవి, ఇంకా దిగువ తీరానివి, అన్నీ ఒకే మంద బిడ్డలా, లేక ఈ మొగకి దీని తల్లులు వేరే ఉన్నాయా అన్నది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది. తల్లులు పుట్టినచోటికే తిరిగొచ్చి కంటే ఆ గుర్తు పిల్లల్లో చోటుని బట్టి విడిపోయి కనిపించాలి. బహామాస్‌లోని బిమినిలో నిమ్మ సొరలని రెండు దశాబ్దాలు వెంటాడి, అక్కడ పుట్టిన ఆడవి పెద్దయ్యాక కనడానికి అక్కడికే వచ్చాయని చూపించారు. మన సొరల సంగతి అలాగే ఉందని అనేయడానికి లేదు. పార విషయంలో అయితే జాతి ఒకటా రెండా అన్నదే గొడవ. ఎన్నో ఏళ్ళు ఒకే జాతి అనుకున్నదాంట్లోంచి 2010లో పసిఫిక్ వైపు దాన్ని వేరే జాతిగా విడదీశారు. మన బంగాళాఖాతంలోది ఎటు చేరుతుందో చూడాలి. ఆ పోయిన 27 సీసాలు ఉంటే నవంబరు నెల కూడా లెక్కలో ఉండేది.

అక్టోబరు 28

అత్త ప్లాస్టిక్ కవర్లో ఐసు వేసి నాలుగు పిల్లల్ని పక్కన పెట్టింది, నేను అడగకుండానే. "బొడ్డు పూడని పిల్లలు. డబ్బులియ్యి." మూడు పార, ఒకటి గాడి. గాడి 41, బొడ్డు ఎప్పుడో పూడిపోయింది, అత్త నన్ను మోసం చేసింది. అయినా కొన్నాను.

నేను కొలుస్తుండగా ఒకావిడ వచ్చింది. కూతురికి నిన్ననే కాన్పట, పాల సొర కావాలట. అత్త గంప ముందు దర్జాగా సర్దుకుని, నా వైపో చూపు చూసి, "ఏ పాల సొర? ముక్కు పారలాంటిదా, మూతి కాడ గాడి ఉన్నదా?" అని అడిగింది.

"పాలు పడేది ఏదైతే అది తూచు" అంది ఆవిడ.

అత్త రెండూ కలిపి తూచింది.